పిస్టల్ మీద ఎర్ర చుక్క: బిగింపు నుంచి గురి దాకా

రెడ్ డాట్ అనగానే మా ఊరు మందమర్రిలో ఎవరైనా అడిగే మొదటి మాట ఒక్కటే. "సినిమాల హీరో ఛాతి మీద ఎర్రగ పడ్తదే, గదేనా?" గది కాదు. సినిమాలో పడేది లేజర్. అది తుపాకీ నుంచి బయలుదేరి అవతలివాడి మీద వాలుతుంది, చుట్టూ ఉన్న అందరికీ కనిపిస్తుంది. రెడ్ డాట్ వెలుగు అవతలికి పోదు. పిస్టల్ పైన బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దదైన అద్దంలో, కాల్చేవాడి కంటికి మాత్రమే కనిపించే చుక్క అది. అద్దానికి వెనక చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. అద్దం కొంచెం వంపు తిరిగి ఉంటుంది, దాని మీద సన్నటి పూత. ఆ పూత ఎరుపును మాత్రం వెనక్కి తిప్పుతుంది, మిగతా వెలుగును అడ్డుకోదు. తిరిగొచ్చే కిరణాలు సమాంతరంగా వస్తాయి కాబట్టి చుక్క అద్దం మీద ఉన్నట్టు అనిపించదు. ఎక్కడో దూరాన, మనం చూసే వస్తువు మీదే వాలినట్టు కనిపిస్తుంది. కన్ను కాస్త అటూఇటూ జరిగినా గురి పెద్దగా మారదు.

ఆలోచన పాతదే. డబ్లిన్‌లో టెలిస్కోపులు చేసే హోవర్డ్ గ్రబ్ 1900లోనే దీని మూలసూత్రాన్ని కాగితం మీద పెట్టాడు. తర్వాత యుద్ధవిమానాల్లో వాడారు. బ్యాటరీతో వెలిగే చుక్కను స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ 1975లో తెచ్చింది, అదీ పొడుగు తుపాకుల కోసం. పిస్టల్ సంగతి వేరు. కాల్చిన ప్రతిసారీ దాని పైభాగం, అంటే స్లైడ్, వెనక్కి దూకి ముందుకొస్తుంది. ఆ దూకుడు మీద కూర్చుని వేల దెబ్బలు తట్టుకునే అద్దం కావాలి. 2009లో ట్రిజికాన్ వాళ్ల ఆర్‌ఎంఆర్ వచ్చాక అది కుదురుతుందని నమ్మకం కలిగింది. 2015లో గ్లాక్ కంపెనీ స్లైడ్ మీద ముందుగానే గాడి కోసి, ఎంఓఎస్ పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి మామూలు జనం చేతికి వచ్చింది.

మా చిన్నతనంలో తుపాకీ అంటే పోలీస్ స్టేషన్ ముందు ఇసుక బస్తాల వెనక నిలబడ్డ సెంట్రీ చేతిలోది. లేదంటే నక్సలైట్ల గురించి "రాత్రి అన్నలు వచ్చిపోయిన్రట" అనే గుసగుసలో వినిపించేది. సికాస (సింగరేణి కార్మిక సమాఖ్య) పేరు చెబితే బొగ్గుబాయి మీద పని ఆగిపోయే కాలం అది. తుపాకీని దుకాణంలో కొని ఇంటికి తెచ్చుకోవచ్చన్న ఊహే సింగరేణి క్వార్టర్లలో ఎవరికీ లేదు. ఆ క్వార్టర్లలో పెరిగినవాళ్లలో కొందరం ఇప్పుడు డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో ఉంటున్నాం. మా జట్టులో ముగ్గురికి పిస్టళ్లున్నాయి. నాది గ్లాక్ 45 ఎంఓఎస్. రామకృష్ణాపూర్ తమ్ముడిది చిన్నపాటి సిగ్ పీ365 రకం. బెల్లంపల్లి అన్నది గ్లాక్ 19 ఎంఓఎస్, కానీ చుక్క తీసేసి గాడి మీద మూత బిగించుకున్నాడు. ఎందుకు తీశాడో దాని వంతు వచ్చినప్పుడు చెప్తాను.

చట్టం ముందు, తుపాకీ తర్వాత

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అమెరికాలో ఎవరైనా కొనుక్కోవచ్చనుకుంటారు. హెచ్-1బి గానీ, ఎఫ్-1 గానీ, విజిటర్ వీసా గానీ, ఈ రకం తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. తూటా దగ్గరున్నా నేరమే. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందులో ఒకటి. టెక్సాస్‌లో దాన్ని పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది. జింక ముఖం ఎన్నడూ చూడని కోడర్ల జేబుల్లో వేట లైసెన్సు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ తిప్పలు లేవు. నన్నడిగితే, గ్రీన్ కార్డు కాగితాలు నడుస్తున్నంతకాలం వేట లైసెన్సు దారి కూడా పట్టకపోవడమే మంచిది. పట్టాలనుకుంటే లాయర్‌ను అడిగాకే.

దుకాణంలో 4473 అనే ఫారం నింపాలి. వీసా సంగతి అందులో నేరుగా అడుగుతారు, అబద్ధం రాస్తే అదొక విడి నేరం. లైసెన్సున్న డీలర్ దగ్గర పిస్టల్ కొనడానికి 21 ఏళ్లు నిండాలి. నేపథ్య తనిఖీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో అక్కడికక్కడే జరుగుతుంది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, చట్టం అడ్డుచెప్పని 21 ఏళ్ల పైబడ్డవాళ్లు పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. 17 ఏళ్లలోపు పిల్లలకు చేతికందేలా తుపాకీ పెడితే అక్కడి చట్టం తల్లిదండ్రుల్ని పట్టుకుంటుంది. అందుకని పిస్టల్ కంటే ముందు కొనాల్సింది ఉక్కు పెట్టె.

మన దగ్గర లెక్క పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం కింద 9 ఎంఎం నిషిద్ధ బోర్. మామూలు లైసెన్సుదారుకు చేతి ఆయుధమంటే ప్రధానంగా .32 రివాల్వరో పిస్టలో. 2019 సవరణ తర్వాత ఒక్కరి పేరిట రెండు ఆయుధాలకు మించకూడదు. ఇక ఒలింపిక్ తరహా పోటీల్లో చుక్కకు చోటే లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది మామూలు లోహపు సైట్లతోనే. ఆ తరహా అంతర్జాతీయ పిస్టల్ పోటీల్లో అద్దాల సైట్లు నిషిద్ధం. ఇలాంటి సైటు పెట్టుకునే వీలున్న మన తయారీ ఆయుధం ఒకటి సైన్యం వైపు కనిపిస్తుంది. సైన్యం, డీఆర్‌డీఓ కలిసి రూపుదిద్ది 2021లో బయటపెట్టిన 9 ఎంఎం అస్మి తుపాకీ పైన సైటు బిగించే పట్టా ఉంది. దాన్ని తయారు చేసేది హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్. 2024లో సైన్యం ఉత్తర కమాండ్ 550 అస్మిలకు ఆర్డర్ ఇచ్చింది.

చేతికి సరిపడే పిస్టల్

గ్లాక్ అందంగా ఉండదు. నాలుగు పలకల స్లైడ్, ప్లాస్టిక్ పిడి, నలుపు. తొలిసారి చేతికిస్తే మనవాళ్లు అటూఇటూ తిప్పి "సేఫ్టీ ఏదిరా?" అని వెదుకుతారు. బొటనవేలితో నొక్కే సేఫ్టీ దీనికి లేదు. ట్రిగ్గర్ మధ్యలో ఒక సన్నటి మీట ఉంటుంది, వేలు దాన్ని నొక్కితేనే ట్రిగ్గర్ కదులుతుంది. మిగతా భద్రతంతా కాల్చేవాడి క్రమశిక్షణే. తుపాకీ ఎప్పుడూ నిండి ఉందనే అనుకోవాలి. కాల్చకూడని దాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. లక్ష్యం ఏదో, దాని వెనకేముందో తెలియాలి. ఈ నాలుగూ నోటికి రాకపోతే షూటింగ్ రేంజ్ వాళ్లు లోపలికి రానివ్వరు, రానివ్వకూడదు కూడా.

గ్లాక్ 45లో పూర్తి సైజు పిడి, కాస్త పొట్టి స్లైడ్. మ్యాగజైన్‌లో 17 తూటాలు పడతాయి. పిడి వెనక వేర్వేరు మందాల ముక్కలు మార్చుకోవచ్చు. నా చెయ్యి చిన్నది కాబట్టి ఏదీ తగిలించకుండా వాడుతున్నాను. ఒక్క చిక్కుంది. గ్లాక్ పిడి ఎక్కువ వాలుగా ఉంటుంది. వేరే పిస్టళ్లకు అలవాటుపడ్డ మణికట్టు దీన్ని ఎత్తినప్పుడు గొట్టం కాస్త పైకి లేస్తుంది. లోహపు సైట్లతో అది ఇట్టే తెలిసిపోతుంది, సర్దుకుంటాం. చుక్కతో అయితే అద్దం ఖాళీగా కనిపిస్తుంది. చుక్క ఏ దిక్కుకు పోయిందో తెలియదు. కొత్తవాళ్లు చెప్పుకునే మొదటి బాధ ఇదే.

ఏ చుక్క కొనాలి

చుక్క సైజును ఎంఓఏ అనే కొలతలో చెప్తారు. డిగ్రీలో అరవయ్యో వంతు. 100 గజాల దూరంలో ఒక ఎంఓఏ అంటే సుమారు ఒక అంగుళం, 25 గజాల్లో పావు అంగుళం. 2, 3.25, 6 ఎంఓఏ సైజులు ఎక్కువగా దొరుకుతాయి. పెద్ద చుక్క త్వరగా కంటపడుతుంది. చిన్నది దూరం గురికి నయం. నాది హోలోసన్ 507సీ. 2 ఎంఓఏ చుక్క, కావాలంటే చుట్టూ 32 ఎంఓఏ వలయం కూడా వెలుగుతుంది. మొదట్లో వలయం పెద్ద దండగ అనుకున్నాను. చుక్క అద్దం అంచు దాటి పోయినప్పుడు వలయం ముక్క ఒకటి మూలన కనిపించి, ఏ వైపు సర్దాలో చెప్తుంది. నేర్చుకునే రోజుల్లో దాని విలువ తెలిసింది.

బ్యాటరీ ఎక్కడుందో చూసి కొనండి. కొన్ని సైట్లకు బ్యాటరీ అడుగున ఉంటుంది. మార్చాలంటే సైటంతా ఊడదీసి మళ్లీ బిగించి, మళ్లీ గురి సరిచూసుకోవాలి. పక్కనుంచి చిన్న సొరుగులా లాగేవి, పైనుంచి మూత తిప్పేవి ఉంటే ఆ గొడవ లేదు. ఎల్‌ఈడీ బయటికి తెరిచి ఉండే రకం, అద్దాల మధ్య మూసి ఉండే రకం అని మరో తేడా ఉంది. తెరిచినదాంట్లో ఎల్‌ఈడీ మీద వాన చుక్కో దూదిపోగో పడితే చుక్క చెదురుతుంది, ఒక్కోసారి మాయమవుతుంది. చొక్కా కింద నడుముకు పెట్టుకుని తిరిగేవాళ్లకు మూసిన రకమే మేలు. రామకృష్ణాపూర్ తమ్ముడిది తెరిచిన రకం. వాడి చొక్కా నూలుపోగులు వారానికోసారి అందులో దొరుకుతాయి.

బిగింపు: అసలు పని ఇదే

కాల్చడం గురించి అందరూ మాట్లాడతారు. స్క్రూ గురించి ఎవరూ మాట్లాడరు. రెడ్ డాట్ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం స్క్రూల దగ్గరే మొదలవుతాయని నా నమ్మకం.

మొదట మ్యాగజైన్ తీసేయాలి. స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్‌లో తూటా లేదని కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా తడమాలి. తూటాల డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు. తర్వాత స్లైడ్ విప్పి పాత గుడ్డ మీద పెట్టాలి.

గాడి మీది మూత రెండు స్క్రూలతో ఉంటుంది. అది తీస్తే చదునైన గాడి కనిపిస్తుంది. గ్లాక్ ఎంఓఎస్ పెట్టెలో నంబర్లు వేసిన ప్లేట్లు ఇస్తారు. సైటు అడుగు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు కాబట్టి మధ్యలో ప్లేటు కావాలి. నా సైటుకు సరిపోయేది 02 నంబరు. గాడి, ప్లేటు, స్క్రూలు, సైటు అడుగు, అన్నిటినీ స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో నూనె జాడ లేకుండా తుడవాలి. ఫ్యాక్టరీ నూనె ఒక్క చుక్క మిగిలినా స్క్రూలకు పూసే జిగురు పట్టదు.

ఇప్పుడు స్క్రూల పొడవు. ఇది చాలామంది దాటేసే మెట్టు. గ్లాక్ స్లైడ్‌లో కుడివైపు స్క్రూ రంధ్రం కిందుగా ఒక సన్నటి కడ్డీ నడుస్తుంది. కాలిన గుల్లను పట్టి లాగే కొక్కేన్ని అదే వెనకనుంచి ఒత్తి ఉంచుతుంది. స్క్రూ మిల్లీమీటరు ఎక్కువైనా దిగి ఆ కడ్డీని తాకుతుంది. చూడ్డానికి అంతా గట్టిగా బిగిసినట్టే ఉంటుంది. రేంజ్‌కు వెళ్లాక గుల్లలు బయటికి రాక చాంబర్‌లో ఇరుక్కుంటాయి. అందుకని జిగురు పూయకముందే ఒకసారి ఉత్తగా బిగించి, కొక్కేన్ని వేలితో పక్కకు నొక్కి చూడాలి. స్ప్రింగులా వెనక్కి తిరిగొస్తే మంచిదే. బిగుసుకుపోతే స్క్రూ పొడవు ఎక్కువైనట్టే. సైటుతో, ప్లేటుతో వచ్చిన స్క్రూలు తప్ప, ఇంట్లో డబ్బాలో దొరికిన వాటిని వాడొద్దని చెప్పేది ఇందుకే.

సరిపోయిందనుకున్నాక విప్పి, స్క్రూ మరల మీద నీలం రంగు లాక్‌టైట్ జిగురు చిన్న చుక్క పెట్టాలి. ఎర్రది వాడకండి, తర్వాత వేడి పెడితే తప్ప ఊడదు. టార్క్ రెంచ్‌తో, కంపెనీ కాగితంలో ఎంత రాశారో అంతే బిగించాలి. చాలా సైట్లకు అది 12 నుంచి 15 అంగుళ-పౌండ్ల మధ్య ఉంటుంది. చేతి అంచనా పనికిరాదు. సింగరేణి వర్క్‌షాపులో బోల్టులు బిగించిన చేతుల వారసులం మనం, "ఇంకో పావు తిప్పు" అనే బుద్ధి ఊరుకోదు. ఈ స్క్రూలు అగ్గిపుల్ల మందం ఉంటాయి, తల తెగిపోతుంది. రెండిటినీ ఒకేసారి పూర్తిగా కాకుండా కొంచెం ఇది, కొంచెం అది బిగిస్తూ పోవాలి. చివరికి స్క్రూ తల మీంచి సైటు ఒంటి మీదికి తెల్ల పెయింట్‌తో సన్నటి గీత గీయాలి. ఎప్పుడైనా ఆ గీత తెగినట్టు కనిపిస్తే స్క్రూ తిరిగిందని తెలుస్తుంది. ఒక రోజు ఆరనివ్వాలి. ఆత్రం ఆగక అదే సాయంత్రం రేంజ్‌కు పోయేవాళ్లే ఎక్కువ.

జీరో చేయడం

బిగించిన సైటు తూటా పోయే చోటే చూపిస్తుందని ఏమీ లేదు. దాన్ని కుదర్చడమే జీరో. సైటు మీద రెండు చిన్న మరలుంటాయి, ఒకటి పైకీ కిందికీ, ఇంకోటి పక్కలకు. ఒక్కో క్లిక్కు సాధారణంగా ఒక ఎంఓఏ. అంటే 25 గజాల దగ్గర ఒక క్లిక్కుకు తూటా దాదాపు ఆరున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది, 10 గజాల దగ్గర మూడు మిల్లీమీటర్లు కూడా జరగదు.

మొదలు 10 గజాలు. కుర్చీలో కూర్చుని, రెండు మోచేతులూ బల్లకు ఆనించి, పిడి కింద ఇసుక సంచి పెట్టుకుని ఐదు తూటాలు నెమ్మదిగా కాల్చాలి. ఒక్క తూటా చూసి మర తిప్పకూడదు. ఐదింటి గుంపు మధ్య ఎక్కడుందో చూడాలి. గుంపు రెండు అంగుళాలు కిందికి పడిందనుకోండి. 10 గజాల్లో ఒక ఎంఓఏ అంటే అంగుళంలో పదో వంతు, కాబట్టి దాదాపు 19 క్లిక్కులు పైకి. మర మీది బాణం సాధారణంగా తూటా ఎటు జరుగుతుందో చూపిస్తుంది. అయినా కంపెనీ కంపెనీకి తేడా ఉంటుంది, కాగితం చదివి తిప్పాలి. మళ్లీ ఐదు. సర్దుకున్నాక 25 గజాలకు వెళ్లి అదే పని.

ఏ దూరానికి జీరో చేయాలన్న దాని మీద మా ముగ్గురికీ ఏనాడూ పొసగలేదు. నేను 25 గజాలంటాను. చుక్క గొట్టం కంటే అంగుళానికి కొంచెం పైన ఉంటుంది కాబట్టి, 25కు కుదిర్చిన పిస్టల్ మూడు గజాల దగ్గర దాదాపు అంగుళం కిందికి కొడుతుంది. అది గుర్తుంటే చాలు. తమ్ముడు 10 గజాలకే చేస్తాడు, "నేనేం జింకను కొడ్తన్నా అన్నా" అంటాడు. వేట లైసెన్సు మీద తుపాకీ కొన్న మనిషి మాట ఇది.

కన్ను చేసే పని చేతికి

లోహపు సైట్లతో గురి అంటే మూడింటిని ఒక్క వరసలోకి తేవాలి. వెనక గాడి, ముందు మొన, లక్ష్యం. కన్ను ఒకేసారి మూడు దూరాల్ని స్పష్టంగా చూడలేదు, ముందు మొన మీదే నిలవాలి, మిగతా రెండూ మసక. తమ్ముడి వాళ్ల బాపు కేకే-5 గనిలో సర్వే చైన్‌మన్‌గా చేసి దిగిపోయాడు. డాలస్ వచ్చినప్పుడు మాతో రేంజ్‌కు వచ్చి, విజిటర్ వీసా కాబట్టి తుపాకీ ముట్టుకోకుండా అద్దం అవతల నిలబడ్డాడు. ఈ మూడు వరసల సంగతి చెప్తుంటే మధ్యలోనే అందుకున్నాడు. "మా సెంటర్ లైన్ గిట్లనే బిడ్డా. రూఫ్‌కు రెండు దారాలు, వాటికి గుండ్లు. వెనకాల నిలవడి చూస్తే ముంగటి దారం వెనక దారాన్ని కప్పాలె, ఫేస్ (బొగ్గు తవ్వే చోటు) కాడ మనిషి పట్టుకున్న లైటు దాని మీద పడాలె. అప్పుడు సున్నంతో గీత గీస్తం." లోహపు సైట్ల గురించి నేను విన్న వివరణల్లో ఇంత సూటిది లేదు. గనిలో గ్యాలరీ వంకర పోకుండా తవ్వేదీ, పిస్టల్ సూటిగా కొట్టేదీ ఒక్క లెక్కే. "మరి చుక్కకు దారాల్లేవా?" అన్నాడాయన. లేవు. లైటు ఒక్కటే మిగిలింది. దారాల పని మణికట్టు చేయాలి.

రెడ్ డాట్ కొన్నవాళ్లు తొలిరోజుల్లో నిరాశపడేది అక్కడే. దూరంగా చూస్తూ పిస్టల్ ఎత్తుతారు, అద్దంలో చుక్క ఉండదు. తల వంచి వెదుకుతారు, మణికట్టు తిప్పి వెదుకుతారు. ఆ లోపల లోహపు సైట్లవాడు రెండు కాల్చేసి ఉంటాడు. అయిదు గజాల దగ్గర నేనూ మొదట్లో పాత సైట్ల కంటే నెమ్మదే. దీనికి మందు తూటాలు కాదు, ఇంట్లో సాధన.

ఇంట్లో ఎట్లా చేస్తామంటే, తూటాలు వేరే గదిలో తాళం వేసి, పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, వెనక మనుషులు ఉండే అవకాశం లేని గోడ మీద ఒక బొట్టు పెట్టుకుంటాం. చూపు ఆ బొట్టు మీదే ఉండాలి, పిస్టల్ మీదికి రాకూడదు. ఛాతి దగ్గర రెండు చేతులూ కలిపి పట్టి, పిస్టల్‌ను చూపు ఎత్తుకు తెచ్చి, అక్కడి నుంచి అడ్డంగా ముందుకు తోయాలి. కిందినుంచి ఊపుతూ ఎత్తితే చుక్క రాదు. ఆ తోపు చివర్లో చుక్క బొట్టు మీద ఉండాలి. లేకపోతే పట్టులో ఏదో తేడా ఉన్నట్టు. చుక్క అద్దం పై అంచు దాటి పోతుంటే గొట్టం పైకి లేచిందన్నమాట, ఎడమచేతి చిటికెన వేలు ఇంకొంచెం బిగించాలి. కళ్లు మూసుకుని తోసి, తెరిచి చూడటం మంచి పరీక్ష. అప్పుడు కన్ను సాయం చేయలేదు కాబట్టి చెయ్యి అబద్ధమాడలేదు.

ఇంకో చిట్కా. అద్దం ముందు వైపు, అంటే లక్ష్యం వైపు, ఒక టేపు ముక్క అంటించండి. ఇక అద్దంలోంచి ఏమీ కనిపించదు, చుక్క మాత్రం కనిపిస్తుంది. రెండు కళ్లూ తెరిచి గోడ మీది బొట్టును చూడండి. ఒక కన్ను బొట్టును చూస్తుంది, రెండోది చుక్కను, మెదడు రెండిటినీ కలిపేస్తుంది. చుక్క మీద చూపు నిలిపే అలవాటు ఉన్నవాళ్లకు ఇది సాగదు. చుక్కను చూడకుండా లక్ష్యాన్నే చూడటం నేర్పేది ఇదే. వెలుగు కూడా తగ్గించుకోవాలి. ఇంట్లో సరిపోయే వెలుగు టెక్సాస్ ఎండలో కనిపించదు, ఎండలో పెట్టింది ఇంట్లో పెద్ద మెరుపై బొట్టును మింగేస్తుంది.

చెయ్యి కుదిరాక రెండో సంగతి బయటపడుతుంది. చుక్క వణుకుతుంది. లోహపు సైట్లతోనూ చెయ్యి అంతే వణికింది, కానీ కనిపించలేదు. ఇప్పుడు ప్రతి శ్వాసా చుక్కలో తెలుస్తుంది. చాలామంది చుక్క బొట్టు మధ్యకు వచ్చిన క్షణాన్ని పట్టుకోవాలని ట్రిగ్గర్‌ను గభాలున లాగుతారు. తూటా కిందికి పడుతుంది. చుక్కను ఆడనివ్వాలి, ట్రిగ్గర్‌ను మాత్రం మెల్లగా ఒత్తుతూ పోవాలి. ఆ ఆట చాలామటుకు టార్గెట్ మీది నల్ల వృత్తం లోపలే ఉంటుంది.

వాడినవాళ్ల మాట

రామకృష్ణాపూర్ తమ్ముడికి చత్వారం మొదలైంది. ముందు మొన రెండుగా, మసకగా కనిపించేది. చుక్క పెట్టుకున్న రోజు నుంచి 25 గజాల దగ్గర వాడి గుంపు సగానికి సగం తగ్గింది. దూరం చూసే అద్దాలతోనే కాల్చొచ్చు, చదివే అద్దాలతో పని లేదు. నలభై దాటినవాళ్లకు ఇదొక్కటే చాలు, డబ్బు గిట్టుబాటే.

బెల్లంపల్లి అన్న కథ వేరు. ఆయన కంటికి చుక్క గుండ్రంగా కనిపించలేదు, కామాలాగా ఒక పక్కకు తోక సాగి కనిపించింది. సైటు చెడిందని తిరిగిచ్చి, ఇంకోటి తెచ్చుకున్నాడు. దానిలోనూ తోకే. చివరికి ఎవరో చెబితే ఫోన్ కెమెరాను అద్దం వెనక పెట్టి ఫొటో తీశాడు. ఫొటోలో చక్కటి చుక్క. దోషం సైటుది కాదు, కంటి పైపొర వంకరది, ఆస్టిగ్మాటిజం. వెలుగు తగ్గిస్తే తోక కొంత తగ్గింది, అద్దాల నంబరు మార్చాక ఇంకొంత. ఆయనకు ముందు మొన ఇప్పటికీ స్పష్టంగానే కనిపిస్తుంది కాబట్టి "గీ తోకతోని నాకేం పని" అని తీసేసి మూత బిగించాడు. సైటు కొనేముందు దుకాణంలో వెలిగించి చూపించమని అడగండి. ఫొటో పరీక్ష అక్కడే చేయొచ్చు.

నా అభిప్రాయం అడిగితే, దూరానికి చుక్కే గొప్పది, దగ్గరకు సాధన చేసినవాడికే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు లోహపు సైట్లు నేర్చుకోవాలా, నేరుగా చుక్కతోనే మొదలుపెట్టాలా అన్న వాదన ఉంది. నేరుగా చుక్కతోనే మొదలుపెట్టినా నష్టం లేదని నాకనిపిస్తుంది. కానీ చుక్క ఆరిపోయే రోజు ఒకటి ఉంటుందని తెలిసి, అద్దంలోంచి కనిపించే ఎత్తైన లోహపు సైట్లు కూడా పెట్టించుకోవాలి. నా పిస్టల్ మీద అవున్నాయి.

ఇక సంరక్షణ. బ్యాటరీ ఎన్ని వేల గంటలు వస్తుందని డబ్బా మీద రాసినా, ఏడాదికోసారి పుట్టినరోజున మార్చేస్తాను. 507సీకి కాసు అంత ఉండే సీఆర్1632 పడుతుంది. అద్దాన్ని చొక్కా అంచుతో తుడవకూడదు, కళ్లద్దాల గుడ్డతోనే. పూత గీసుకుపోతే చుక్క చుట్టూ మరకలు వస్తాయి. పిస్టల్‌ను నూనె పెట్టి శుభ్రం చేసేటప్పుడు సైటు వైపు స్ప్రే కొట్టకూడదు. కారు లోపల ఆగస్టు ఎండలో వదిలేయకూడదు. అది సైటు కోసం కంటే దొంగల భయం కోసం. ప్రతిసారీ రేంజ్‌కు వెళ్లేముందు తెల్ల గీతలు తెగాయేమో చూడాలి.

సంక్రాంతికి మందమర్రి వచ్చేముందు పిస్టల్ ఉక్కు పెట్టెలో, తూటాలు వేరే తాళంలో. తిరిగి డాలస్ చేరాక మొదట చూసేది అదే తెల్ల గీత. తర్వాత రేంజ్‌లో 25 గజాల దగ్గర ఇసుక సంచి మీద ఆనించి పది తూటాలు. గుంపు ఉన్నచోటే ఉంటే మర ముట్టుకోను.